మొదటి నాలుగు సెషన్లు: సైకోథెరపీకి వెళ్తే ఏం జరుగుతుంది

గుండె దడ అని వెళ్తారు. ఈసీజీ తీస్తారు, ఎకో తీస్తారు, రక్తపరీక్షలు చేస్తారు. అన్నీ బాగానే ఉంటాయి. "గుండెకేం లేదమ్మా, ఒకసారి సైకియాట్రీలో చూపించుకోండి" అని డాక్టరు ఓపీ చీటీ మీద రాసిస్తారు. తిరుపతిలో అయినా చిత్తూరులో అయినా చాలామంది మానసిక చికిత్స దాకా వచ్చేది ఇలాగే. గుండె, గ్యాసు, తలలో బరువు, నరాల బలహీనత, అరికాళ్ళ మంటలు అంటూ నాలుగు విభాగాలు తిరిగాక ఆ చీటీ చేతికొస్తుంది. "నాకేమన్నా పిచ్చా?" అని కొందరికి కోపం వస్తుంది. కొందరు దాన్ని ఫైల్లో మడిచి పెట్టి ఇంకో గుండె డాక్టరును వెతుక్కుంటారు. కొందరు వెళ్తారు.

ఆ వెళ్ళినవాళ్ళలో కూడా చాలామంది ఒకటి రెండు సార్లతో ఆపేస్తారు. 2012లో 669 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, సైకోథెరపీ, అంటే మాటలతో చేసే మానసిక చికిత్స, మొదలుపెట్టిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు మధ్యలోనే మానేసినట్టు తేలింది. అవి ఎక్కువగా పాశ్చాత్య దేశాల అధ్యయనాలు. ఇక్కడ పల్లె నుంచి బస్సెక్కి, కూలి పోగొట్టుకుని, ఇంట్లో ఏదో ఒక సాకు చెప్పి రావాల్సిన మనిషికి మానేయడానికి కారణాలు ఇంకా ఎక్కువే. వాటిలో బస్సునూ కూలినీ ఏ వ్యాసమూ మార్చలేదు. కానీ "ఏదో అనుకుని వెళ్తే అక్కడ ఇంకేదో జరిగింది" అన్న నిరాశ కూడా ఒక పెద్ద కారణం. అది మాత్రం ముందే తెలిస్తే తగ్గుతుంది. మందు రాసిస్తారనో, మంచిమాట చెప్పి పంపిస్తారనో అనుకుని వెళ్ళిన మనిషిని ముప్పావు గంట ప్రశ్నలడిగి "వచ్చే వారం రండి" అంటే, రెండోసారి బస్సెక్కే ఓపిక ఎక్కడిది?

ముందుగా, ఎవరి దగ్గరికి వెళ్తున్నామన్నది. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు. జబ్బు నిర్ధారణ చేస్తారు, మందులు రాస్తారు, కొందరు థెరపీ కూడా చేస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలు చేయడం, థెరపీ ఇవ్వడం వాళ్ళ పని. ఎం.ఫిల్ లాంటి ప్రత్యేక శిక్షణ పొంది, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైనవాళ్ళే ఆ పేరు పెట్టుకోవాలి. ఆ నమోదు సంఖ్య ఏమిటని అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదు, అడగాల్సిన ప్రశ్నే. కుటుంబాలతో, ఆసరా పథకాలతో పనిచేసే సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు వేరే ఉంటారు. ఇక "కౌన్సెలర్" అన్న బోర్డు ఎవరైనా పెట్టుకుంటున్నారు. వాళ్ళలో బాగా చదువుకున్నవాళ్ళూ ఉన్నారు, పది రోజుల కోర్సు చేసినవాళ్ళూ ఉన్నారు. బోర్డు చూసి తేడా తెలియదు కాబట్టి ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు, ఎలాంటి సమస్యలు చూస్తారు అని నేరుగా అడిగేయాలి. మంచివాళ్ళు సంతోషంగా చెప్తారు. నసిగితే అదే సమాధానం.

తిరుపతిలో రుయా ఆస్పత్రి సైకియాట్రీ విభాగం దగ్గరున్న దారి. చిత్తూరు వైపు వాళ్ళకు రాయవేలూరు సీఎంసీ ఎప్పటినుంచో అలవాటు. దాని మానసిక ఆరోగ్య కేంద్రం బాగాయంలో ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఇంకో దారి. ప్రభుత్వ ఆస్పత్రి ఓపీలో ఒక చిక్కుంది, దాన్ని దాచిపెట్టడం వల్ల లాభం లేదు. రద్దీ ఎక్కువ కాబట్టి డాక్టరు ఒక్కొక్కరితో మాట్లాడేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాలూ థెరపీ కాదు. "నాకు మాట్లాడే చికిత్స కావాలి, సైకాలజిస్టు దగ్గరికి పంపుతారా?" అని అక్కడ అడగాలి. అడగనివాళ్ళకు చాలాసార్లు మందుల చీటీతోనే పని అయిపోతుంది.

మొదటి రోజు

మొదటి సెషన్లో ఎక్కువ భాగం ప్రశ్నలే. ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎలా ఉంది, తిండి సహిస్తోందా, మందు తాగుతారా, పొగాకు వాడతారా, థైరాయిడ్, షుగరు ఉన్నాయా, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా వచ్చిందా, ఇంట్లో ఎవరెవరుంటారు, అప్పులున్నాయా, చదువు ఎక్కడ ఆగింది, పెళ్ళి ఎలా జరిగింది. కొన్ని ప్రశ్నలకు అసలు సమస్యతో సంబంధమే లేదనిపిస్తుంది. పోలీసు విచారణలా ఉందని కొందరు చిరాకు పడతారు. కానీ ఒకే దిగులు ఒకరికి బిడ్డ పుట్టిన తర్వాత వస్తుంది, ఒకరికి టమాటా రేటు పడిపోయి అప్పు మీద పడ్డాక వస్తుంది, ఒకరికి థైరాయిడ్ తేడా వల్ల వస్తుంది. మూడింటికీ ఒకటే చికిత్స చేయలేరు. దడ, వణుకు, బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ పరీక్ష, నీరసం ఎక్కువగా ఉంటే రక్తహీనత పరీక్ష ముందు చేయించుకోమనవచ్చు. అది కాలయాపన కాదు.

చేతికి ఒక కాగితం కూడా ఇవ్వొచ్చు. డిప్రెషన్ కొలవడానికి ఎక్కువగా వాడేది పీహెచ్‌క్యూ-9. గడిచిన రెండు వారాల గురించి 9 ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. ఇది పాసు, ఫెయిలు పరీక్ష కాదు. నాలుగు వారాల తర్వాత మళ్ళీ నింపితే మార్పు ఉందో లేదో ఇద్దరికీ కనిపిస్తుంది, అందుకోసం. మంచిగా కనిపించాలని తక్కువ మార్కులు వేసుకుంటే నష్టపోయేది నింపినవాళ్ళే.

ఆ కాగితంలో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. థెరపిస్టు నోటితో కూడా అడుగుతారు: "బతకాలనిపించడం లేదా? చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా? ఏమైనా ప్రయత్నం చేశారా?" అలా సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తారేమో అని ఇంట్లోవాళ్ళు భయపడతారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. చాలామందికి అడిగినందుకు గుండె బరువు దిగుతుంది. నిజం చెప్తే పోలీసు కేసు అవుతుందన్న భయం కూడా మన దగ్గర బలంగా ఉంది. 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. కాబట్టి ఆ గదిలో ఈ ఒక్క విషయం దాచుకోవద్దు. ఆలోచన వచ్చిందని చెప్పినంత మాత్రాన ఆస్పత్రిలో పడేయరు. ప్రమాదం ఎంత దగ్గరగా ఉందో చూసి, రాత్రిపూట ఎవరు తోడుంటారు, పురుగుమందు డబ్బా ఇంట్లోంచి ఎలా తీసేయాలి, భరించలేకపోతే ఎవరికి ఫోను చేయాలి అని కలిసి ఒక ఏర్పాటు చేస్తారు.

ఇంటి మాటల్లోనే చెప్పడం మంచిది. "డిప్రెషన్ ఉంది", "యాంగ్జైటీ ఉంది" అని యూట్యూబులో విన్న పేర్లు చెప్పడం కన్నా, "తెల్లారుజామున మూడింటికి మెలకువొచ్చేస్తాది, ఇంక నిద్ర పట్టదు", "బిడ్డ ఎత్తుకోమన్నా యాష్టకొస్తా ఉంది", "నలుగురున్న చోటికి పోతే చెమటలు పడతాయి" అంటే థెరపిస్టుకు పది రెట్లు ఎక్కువ తెలుస్తుంది. పాత చీటీలు, ఈసీజీ కాగితాలు, వాడుతున్న మందుల అట్టలు పట్టుకెళ్ళాలి. ఏడుపొస్తే ఆపుకోనక్కర్లేదు. రాకపోయినా ఫర్వాలేదు.

చివర్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఏం మారితే మీకు బాగైనట్టు?" దీనికి జవాబు చాలామంది దగ్గర సిద్ధంగా ఉండదు. "అంతా బాగైపోవాలి" అంటారు. థెరపిస్టు వదలకుండా అడుగుతారు: బాగైతే పొద్దున లేచి ఏం చేస్తారు? ఎక్కడికి పోతారు? ఎవరితో మాట్లాడతారు? "ఒక్కదాన్నే బస్సెక్కి మా అమ్మగారింటికి పోవాల" అన్నది మంచి జవాబు, ఎందుకంటే అది జరిగిందో లేదో తెలుస్తుంది.

వెంట వచ్చినవాళ్ళు

మన దగ్గర ఆస్పత్రికి ఒంటరిగా ఎవరూ పోరు. భర్తో, అన్నో, మేనమామో తోడుంటారు. సమస్య మొత్తం వాళ్ళే చెప్పడం మొదలుపెడతారు, పేషెంటు పక్కన తలొంచుకుని కూర్చుంటుంది. కాసేపటికి థెరపిస్టు "మీరు కొంచెం బయట కూర్చుంటారా?" అంటారు. అక్కడ మనసు నొచ్చుకునేవాళ్ళున్నారు. "మా అబ్బోడి గురించి మాకు తెలీనిదేముంది మేడం?" అన్న మాట ఆ గుమ్మం దగ్గర తరచూ వినిపిస్తుంది. అందులో ప్రేమ ఉంది, ఫీజు కట్టేది తామేనన్న బాధ్యతా ఉంది. అయినా ఆ ఒంటరి సమయం తప్పనిసరి. తండ్రి పక్కనే కూర్చుంటే కొడుకు చెప్పలేనివి, అత్త వింటుంటే కోడలు చెప్పలేనివి ఉంటాయి, చాలాసార్లు అసలు సంగతి వాటిలోనే ఉంటుంది.

అంటే కుటుంబాన్ని పక్కన పెట్టేస్తారని కాదు. బాగాయం కేంద్రంలో పేషెంటుతో పాటు ఇంటివాళ్ళు కూడా ఉండి చికిత్సలో పాలుపంచుకోవడం దశాబ్దాల నుంచి ఉన్న పద్ధతి. ఎవరి సమయం వాళ్ళకు ఇచ్చి, అవసరమైనప్పుడు పేషెంటు ఒప్పుకుంటే కలిపి కూర్చోబెడతారు. 18 ఏళ్ళు నిండని పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి, వాళ్ళకు చికిత్స ఎలా సాగుతోందో చెప్తారు. అప్పుడు కూడా పిల్లలు చెప్పిన ప్రతి మాటా ఇంట్లో అప్పజెప్పరు. అలా అప్పజెప్పే థెరపిస్టు దగ్గర పిల్లవాడు రెండోసారి నోరు విప్పడు.

ఇక ఊరి భయం. తిరుపతి ఎంత పెరిగినా, లీలామహల్ సర్కిల్లో ఎవరో ఒకరు పలకరించే ఊరే. ఓపీ వరుసలో తెలిసినవాళ్ళు కనిపిస్తే? సైకాలజిస్టు చెల్లెలు మన వదిన పనిచేసే బళ్ళోనే టీచరైతే? ఇవి ఊరికే పుట్టిన భయాలు కావు. పెళ్ళి సంబంధాలు తప్పిపోయిన ఇళ్ళున్నాయి. 2017 చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం చికిత్స చేసేవాళ్ళు పేషెంటు వివరాలను గోప్యంగా ఉంచి తీరాలి. మినహాయింపులు కొన్నే: ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉన్నప్పుడు, ఇంకొకరికి హాని జరగకుండా ఆపాల్సి వచ్చినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, చికిత్స కోసం ఇంకో వైద్యుడికి చెప్పాల్సి వచ్చినప్పుడు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా సరే ఫిర్యాదు చేయాల్సిందే, థెరపిస్టుకు కూడా అందులో ఎంపిక లేదు. మంచి థెరపిస్టు ఈ హద్దులన్నీ మొదటి రోజే చెప్తారు. చెప్పకపోతే అడగాలి. బయట ఎక్కడైనా ఎదురుపడితే తెలియనట్టే వెళ్ళిపోతారు, అది పొగరు కాదు, మీరు పలకరిస్తేనే పలకరిస్తారు. పెళ్ళిపిలుపులకు రారు, చీటీపాటల్లో చేరరు, బంధుత్వం కలుపుకోరు. తిరుమల లడ్డూ చేతిలో పెడితే కళ్ళకద్దుకుని తీసుకోవచ్చేమో గానీ పట్టుచీర తీసుకోరు.

ఇన్ని కట్టుబాట్లెందుకు? మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది. వేషం కట్టినవాళ్ళు బూతులు తిడతారు, ఎవరూ తప్పుపట్టరు. కొద్ది రోజులు, కొన్ని వేషాలు, ఒక పద్ధతి. జాతర ముగిశాక ఆ మాటల్ని ఎవరూ ఇంటికి మోసుకుపోరు. థెరపీ గదికి కూడా అలాంటి హద్దే ఉంది. ఆ ముప్పావు గంటలో, ఆ నాలుగు గోడల మధ్య, బయట అనలేని మాట అనొచ్చు. చచ్చిపోయిన తండ్రి మీద కోపం ఉందనొచ్చు. కన్నబిడ్డ మీద ప్రేమ పుట్టడం లేదనొచ్చు. హద్దు గట్టిగా ఉంటేనే ఆ మాట బయటికొస్తుంది. అందుకే సమయం దాటనివ్వరు, అందుకే రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో మాట్లాడరు.

సలహా ఎందుకు ఇవ్వరు

రెండో, మూడో సెషన్లో వచ్చే పెద్ద నిరాశ ఇదే. "తప్పు మా అత్తదా నాదా, మీరే చెప్పండి మేడం" అని అడుగుతారు. పెద్దమనుషుల పంచాయితీలో అలవాటైన ప్రశ్న అది. తీర్పు కోసం వెళ్ళిన మనిషికి "ఆమె అలా అన్నప్పుడు మీకేమనిపించింది?" అన్న ప్రశ్న ఎదురైతే ఒళ్ళు మండుతుంది. దానికేనా ఇంత దూరం వచ్చింది?

సలహాలకు మన దగ్గర కరువు లేదు. సర్దుకుపో, గుడికి పో, పని మీద ధ్యాస పెట్టు, పెళ్ళి చేస్తే అన్నీ సరిపోతాయి. థెరపీకి వచ్చేది ఇవన్నీ విన్నాక, పాటించలేక, "నాకే చేతకాలేదు" అన్న నింద కూడా మోస్తున్న మనుషులు. వాళ్ళకు ఇంకో సలహా ఇంకో బరువు. థెరపిస్టు చేసేది ఆ మనిషిలో ఏ ఆలోచన, ఏ భయం, ఏ అలవాటు ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతున్నాయో ఆ మనిషికే కనిపించేలా చేయడం, తర్వాత దాన్ని ఎక్కడ తెంపొచ్చో కలిసి ప్రయత్నించడం.

మొదట చెప్పిన గుండె దడనే తీసుకుందాం. కొర్లగుంటలో ఉండే నడివయసు మనిషి ఒకాయన, ఏటా అలిపిరి మెట్ల మీద కొండెక్కే అలవాటున్నాయన అనుకుందాం. ఒకరోజు బజారులో ఉన్నట్టుండి దడ, చెమటలు, ఊపిరాడకపోవడం. గుండెపోటే అనుకున్నాడు. పరీక్షల్లో ఏమీ తేలలేదు. కానీ ఆ రోజు నుంచి ఒంట్లో చిన్న కదలికనైనా కాపలా కాస్తున్నాడు. మెట్లెక్కితే ఎవరికైనా గుండె వేగం పెరుగుతుంది. ఆయనకు అది "మళ్ళీ వస్తోంది" అన్న కబురులా వినిపిస్తుంది. భయం పుడుతుంది, భయానికి ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను పెరుగుతుంది, దానివల్ల దడ ఇంకా పెరుగుతుంది, దడ పెరిగింది కాబట్టి భయం నిజమేననిపిస్తుంది. సాధారణంగా పది నిమిషాల్లోపే ఇది పతాక స్థాయికి చేరి తనంతట తనే దిగుతుంది. ఆయన మాత్రం ఆ లోపలే ఆటో ఎక్కి ఆస్పత్రికి పోతాడు కాబట్టి, ఆస్పత్రికి పోవడం వల్లే బతికాననుకుంటాడు. మెట్లు మానేశాడు, ఘాట్ రోడ్డు బస్సు మానేశాడు, చివరికి ఒంటరిగా బజారుకు పోవడం మానేశాడు.

1960లలో అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీ ధోరణిలో ఇప్పుడు సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ) అని పిలిచే, ఆలోచనల మీదా అలవాట్ల మీదా పనిచేసే పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో థెరపిస్టు మొదట ఈ చక్రాన్ని ఆయనతోనే కాగితం మీద గీయిస్తారు. తర్వాత పని ఇస్తారు. దడ వచ్చిన ప్రతిసారీ ఎప్పుడు, ఎక్కడ, మనసులో ఏం మెదిలింది, ఎంతసేపుంది అని రాసుకురమ్మంటారు. ఇంకో సెషన్లో, గుండె డాక్టరు భయం లేదని చెప్పాకనే, గదిలోనే నిలబడి ఒక నిమిషం పరిగెత్తినట్టు కాళ్ళాడించమంటారు, కావాలని దడ తెప్పించడానికి. వచ్చిన దడను పారిపోకుండా చూస్తూ కూర్చోమంటారు. అది తగ్గుతుంది. ఏ మందుబిళ్ళా లేకుండా, ఏ ఆటో లేకుండా తగ్గిందని ఒంటికి తెలియడమే ఇక్కడ చికిత్స. ఆ తర్వాత బయటి మెట్లు: మొదటి వారం అలిపిరి పాదాల మండపం దాకా వెళ్ళి నిలబడి రావడం, పై వారం యాభై మెట్లు, ఆ పై వారం గాలిగోపురం దాకా, మొదట తోడుతో, తర్వాత ఒంటరిగా. మొత్తం 3,550 మెట్లూ ఎక్కాలన్నది ఆయన పెట్టుకున్న గమ్యమైతే అక్కడిదాకా పోవచ్చు. బజారుకు పోగలిగితే చాలనుకుంటే అక్కడే ఆపొచ్చు.

ఈ ఉదాహరణలో కీలకం ఇంటి దగ్గర చేసే పని. వారానికి ఉండేది 168 గంటలు, థెరపీ గదిలో గడిపేది ఒక గంట లోపే. రాసుకురమ్మన్నది రాయకుండా, చేయమన్నది చేయకుండా ప్రతి వారం వచ్చి మాట్లాడి వెళ్తే మనసు తేలికవుతుందేమో గానీ భయం ఉన్నచోటే ఉంటుంది. రాయడం రాని వాళ్ళు ఫోనులో గొంతు రికార్డు చేసుకురావచ్చు. చేయలేకపోతే చేయలేదని చెప్పడమే మేలు. ఎందుకు చేయలేకపోయారన్నది కూడా పనికొచ్చే సంగతే, థెరపిస్టు మార్కులేయరు.

అన్ని థెరపీలూ ఇలా ఉండవు. కొన్నిటిలో చిన్ననాటి బంధాల గురించి నెలల తరబడి మాట్లాడతారు, కొన్నిటిలో ఇప్పటి సంబంధాల్లోని చిక్కు మీదే పనిచేస్తారు, కొన్నిటిలో భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెడతారు. ఏ పద్ధతి అన్నది అడిగి తెలుసుకోవచ్చు.

మధ్యలో బరువెక్కడం

మూడు నాలుగు సెషన్ల దగ్గర "వెళ్ళకముందే బాగుండేది" అనిపించే రోజు రావొచ్చు. ఏళ్ళ తరబడి మూతపెట్టిన సంగతి మాట్లాడి వచ్చిన రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. భయపడే పని చేయమన్నప్పుడు భయం కాస్త పెరుగుతుంది. ఇది చాలామందికి జరిగేదే, చెప్పాల్సిందే. కానీ "బరువెక్కితే మంచిదే, అలాగే ఉంటుంది" అని ఎన్నాళ్ళైనా భరించమనడం కూడా తప్పు. పెద్దవాళ్ళలో నూటికి 5 నుంచి 10 మంది థెరపీ తర్వాత మెరుగుపడకపోగా ఇంకా దిగజారుతున్నట్టు పరిశోధనలు చెప్తున్నాయి. ఏ చికిత్సకైనా ఉన్నట్టే దీనికీ పక్కప్రభావాలున్నాయి. ఈ మాట దాచి "మాట్లాడితే పోయేదేముంది" అని ప్రచారం చేయడం వల్ల చెడు అనుభవం ఎదురైనవాళ్ళు తప్పు తమదేననుకుంటున్నారు.

ఎంతకాలం పడుతుంది? 1986లో వచ్చిన ఒక ప్రసిద్ధ విశ్లేషణ ప్రకారం 8 సెషన్లయ్యేసరికి దాదాపు సగం మందిలో, 26 సెషన్లయ్యేసరికి దాదాపు 75 శాతం మందిలో మెరుగుదల కనిపించింది. పానిక్ (పైన చెప్పిన దడలా ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం), డిప్రెషన్ లాంటి వాటికి సీబీటీ తరచుగా 12 నుంచి 20 సెషన్లు, వారానికొకటి, ఒక్కోటి 45 నుంచి 60 నిమిషాలు. కాబట్టి రెండు సెషన్లలో తేల్చేయడం తొందర, పది సెషన్లు ఏ మార్పూ లేకుండా పోవడం ఆలస్యం. నాలుగో సెషన్ దగ్గర ఆగి చూసుకోవడం సరైన పద్ధతిగా కనిపిస్తుంది. ఈ మనిషి నన్ను అర్థం చేసుకుంటున్నారా? ఎటు పోతున్నామో ఇద్దరికీ ఒకే అభిప్రాయం ఉందా? ఇస్తున్న పని నాకు పనికొచ్చేదిగా ఉందా? అమెరికన్ సైకాలజిస్టు ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో థెరపిస్టుకూ పేషెంటుకూ మధ్య బంధాన్ని ఈ మూడింటిగానే వివరించాడు. ఆ బంధం గట్టిగా ఉన్నచోట ఫలితాలు మెరుగ్గా ఉంటాయన్నది ఆ తర్వాత ఎన్నో అధ్యయనాల్లో మళ్ళీ మళ్ళీ తేలింది.

బాగోలేదనిపిస్తే మన అలవాటు చెప్పకుండా మానేయడం. డాక్టరు ముఖాన "మీ వైద్యం నాకు పనిచేయడం లేదు" అనడం ఎదురు తిరిగినట్టు అనిపిస్తుంది. థెరపీలో మాత్రం ఆ మాట అనడం కూడా చికిత్సలో భాగమే. "పోయినసారి మీరన్న మాట నన్ను గుచ్చుకుంది" అన్న వాక్యంతో మొదలైన సెషన్ తరచుగా అప్పటిదాకా జరిగినవాటి కన్నా లోతుగా సాగుతుంది. చెప్పాక కూడా మారకపోతే వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు. రికార్డులు అడిగి తీసుకునే హక్కు 2017 చట్టంలోని 25వ సెక్షన్ ఇస్తోంది.

కొన్నిటికి మాత్రం నాలుగో సెషన్ దాకా ఆగకూడదు. సైకియాట్రిస్టును అడక్కుండా మందులాపేయమన్నా, ఇన్ని రోజుల్లో గ్యారంటీగా నయం చేస్తామన్నా, జాతకం చూసి రాళ్ళు అమ్మినా, కులం గురించో మతం గురించో చులకనగా మాట్లాడినా, స్వలింగ ఆకర్షణను "మాన్పిస్తాం" అన్నా, ఏ రకంగానైనా ఒంటిమీద చేయి వేసినా, అదే రోజు బయటికి వచ్చేయాలి.

మందులు, మొక్కులు

మందులా మాటలా అన్న పోటీ అనవసరం. తేలికపాటి డిప్రెషన్‌కూ భయాలకూ థెరపీ ఒక్కటే సరిపోవచ్చు. మధ్యస్థం, తీవ్రం అయితే రెండూ కలిస్తే మేలు. లేని గొంతులు వినిపించడం, ఎవరో చంపడానికి చూస్తున్నారన్న గట్టి నమ్మకం, రోజుల తరబడి నిద్ర లేకుండా ఉన్మాదంలో ఉండడం లాంటివి ఉంటే ముందు మందులే, థెరపీ తర్వాత. డిప్రెషన్ మందులు పనిచేయడం మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, బాగైందని ఒక్కసారిగా ఆపకూడదు.

కొండకు మొక్కుకుని తలనీలాలిచ్చి, ఆ మర్నాడే సైకాలజిస్టు దగ్గరికి వచ్చే మనిషికి అందులో వైరుధ్యమేమీ కనిపించదు. థెరపిస్టుకూ కనిపించకూడదు. మొక్కు వల్ల ధైర్యం వస్తోందంటే దాన్ని పనిలో కలుపుకునే థెరపిస్టే తెలివైనవాడు. ఓసీడీ, అంటే ఒకే ఆలోచన, ఒకే పని వదలకుండా పట్టి పీడించే జబ్బు, ఉండి చేయి పదే పదే కడుక్కునే మనిషికి మడి, అంటు ఎక్కడ ఆగుతాయో, జబ్బు ఎక్కడ మొదలవుతుందో చూడాల్సి వస్తుంది. అది సున్నితమైన పని. అక్కడ నమ్మకాన్ని వెక్కిరించేవాళ్ళు చికిత్స చేయలేరు. గాలి సోకిందని కొట్టించడం, కట్టేయడం మాత్రం నమ్మకం కిందికి రావు, అవి హింస.

డబ్బు సంగతి మొదటి ఫోన్లోనే తేల్చుకోవాలి: సెషన్‌కు ఎంత, రాలేకపోతే ఎంత ముందు చెప్పాలి, చెప్పకపోతే ఫీజు పోతుందా. మానసిక జబ్బులకూ శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెప్తోంది గానీ, ఎక్కువ పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే వర్తిస్తాయి కాబట్టి వారం వారం థెరపీ ఖర్చు చాలామందికి చేతిదే. విద్యార్థులకు ఒక దారి ఉంది. తిరుపతి నిండా హాస్టళ్ళు, యూనివర్సిటీలే కదా. విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 100 మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో ఏర్పాటు చేసుకోవాలి. కాలేజీలో ఎవరున్నారని అడిగే హక్కు పిల్లలకుంది, తల్లిదండ్రులకు అంతకన్నా ఉంది.

ఊళ్ళో ఎవరూ దొరకనివాళ్ళకు ఆన్‌లైన్ సెషన్లు పనికొస్తాయి. ఇబ్బంది ఇంటర్నెట్ కన్నా ఎక్కువగా గదితోనే. రెండు గదుల ఇంట్లో ఏకాంతం ఎక్కడ? మిద్దె మీద, ఆపిన కారులో, స్నేహితురాలి ఇంట్లో కూర్చుని మాట్లాడేవాళ్ళున్నారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే అవతలి మాటలైనా బయటికి వినిపించవు. అర్ధరాత్రి భరించలేని స్థితి వస్తే థెరపిస్టు కోసం ఎదురుచూడకుండా కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయాలి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

చికిత్స ముగింపు కూడా ఒక్కరోజులో జరగదు. అలిపిరి ఉదాహరణలోని మనిషి బజారుకు ఒంటరిగా పోగలిగాక వారానికొక సెషన్ రెండు వారాలకొకటి అవుతుంది, తర్వాత నెలకొకటి. చివరి రెండు సెషన్లలో థెరపిస్టు ఆయనతో ఒక కాగితం రాయిస్తారు: దడ మళ్ళీ మొదలవుతోందని ముందుగా తెలిపే గుర్తులేమిటి, అప్పుడు మొదటి వారం ఏం చేయాలి, దేన్ని తప్పించుకోకూడదు, ఎన్నాళ్ళు చూసి మళ్ళీ రావాలి. బంధువు పోయినప్పుడో, అప్పు పెరిగినప్పుడో ఆ గుర్తులు తిరిగి కనిపించవచ్చు. చాలామంది అప్పుడు "అంతా వృథా అయింది" అనుకుని సిగ్గుపడి రారు. రెండు మూడు సెషన్లకు మళ్ళీ వచ్చి పోవడం మామూలే, ఆ కాగితాన్ని కూడా వెంట తెచ్చుకోవాలి. మొదట్నుంచీ మొదలుపెట్టాల్సిన పని ఉండదు.